"మ్యాన్ మిస్సింగ్": ఏడేళ్లు దాటినా తేలని ఒక కేసు, పోలీసులను మేం అడిగిన ప్రశ్నలు

నేను చిత్తూరులో లాయర్‌ని. ఎక్కువగా క్రిమినల్ కేసులు చూస్తాను. ఈ కేసు 2019 అక్టోబర్‌లో నా దగ్గరికి వచ్చింది, ఇప్పటికీ తేలలేదు. తేలని కేసు గురించి రాయడం ఎందుకని తోటి లాయర్లు ఒకరిద్దరు అడిగారు. ఇలాంటి ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చే కుటుంబాలు ఇంకా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. అందరూ చెప్పేది ఒకటే మాట: "పోలీసోళ్లు ఏమీ చేయలేదు సార్." ఆ మాట నిజమే అయినా దాంతో ఏ కోర్టులోనూ పని జరగదు. ఏ పని చేయలేదు, అది ఏ తేదీలోపు జరగాల్సింది, జరగకపోవడం వల్ల ఏ ఆధారం పోయింది అని కాగితం మీద పెట్టినప్పుడే అవతలి వాళ్లు జవాబు చెప్పక తప్పని పరిస్థితి వస్తుంది. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. కుటుంబం ఒప్పుకున్న తర్వాతే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, స్టేషన్ పేరు కూడా రాయడం లేదు.

ఆయనకు అప్పుడు 46 ఏళ్లు. పూతలపట్టు వైపు పల్లె. నాలుగెకరాల మామిడి తోట ఉంది. దాంతోపాటు చుట్టుపక్కల తోటల్లో తోతాపురి కాయ కొని మండీలకు, జ్యూస్ ఫ్యాక్టరీలకు తోలే చిన్న వ్యాపారం. మా జిల్లాలో ఈ వ్యాపారం ఎట్లా నడుస్తుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కాయ సీజన్‌లో పోతుంది, డబ్బు చేతికి ఎప్పుడొస్తుందో చెప్పలేం. రైతులకు ఈయన బాకీ, ఈయనకు ఇంకొకరు బాకీ.

2018 జూలై రెండో వారం, మంగళవారం. అన్నం తిని మధ్యాహ్నం 2 గంటలకు బైక్ మీద బయల్దేరాడు. "తిరుపతిలో డబ్బులు ఇస్తామన్నారు, తీసుకొని చీకటి పడేలోపల వచ్చేస్తా" అని భార్యతో చెప్పాడు. రాలేదు. రాత్రి 8 గంటలకు ఆమె చేస్తే ఫోన్ స్విచాఫ్ వచ్చింది.

బుధవారం బంధువుల ఇళ్లలో వెతికారు. గురువారం ఆమె తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లింది. "కొండకు పోయుంటాడు, రెండు రోజులు చూడండి. మొక్కుబడి ఏమన్నా ఉందా?" అని అడిగారట. ఇది మా ప్రాంతంలో మాత్రమే వినిపించే జవాబు. చెప్పకుండా తిరుమలకు వెళ్లి, గుండు చేయించుకుని రెండో రోజు తిరిగొచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు కాబట్టి వినే కుటుంబం కూడా సగం నమ్ముతుంది. ఈ కుటుంబమూ నమ్మింది. శుక్ర, శనివారాలు తిరుమలలో గడిపారు. కల్యాణకట్ట దగ్గర, అన్నదానం దగ్గర, వరండాల్లో పడుకున్నవాళ్లలో ఫోటో పట్టుకుని తిరిగారు. కానీ మనిషి కనిపించకపోతే ఫిర్యాదు తీసుకోవడానికి 24 గంటలో, 48 గంటలో ఆగాలని ఏ చట్టంలోనూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

సోమవారం మళ్లీ వెళ్తే ఇంకో మాట: "పోయింది తిరుపతికి కదా, అక్కడ ఇవ్వండి." ఇప్పుడున్న తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది గానీ, పోలీసుల లెక్కలో తిరుపతి అర్బన్ అంతకు ముందు నుంచే వేరే జిల్లా. అక్కడికి పోతే "మనిషి మీ ఊరోడు, మీ స్టేషన్‌లోనే ఇవ్వాలి" అన్నారు. చివరికి తొమ్మిదో రోజున సొంత ఊరి స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ అయింది. హద్దుతో సంబంధం లేకుండా ఎక్కడిచ్చినా తీసుకోవాలని ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే రాసి ఉంది. 2024 జూలై 1 నుంచి అది అమల్లో ఉంది. అప్పట్లో జీరో ఎఫ్ఐఆర్ (హద్దు చూడకుండా కట్టే ఎఫ్ఐఆర్) అనే మాట స్టేషన్‌లో అందరికీ తెలుసు, ఆ కుటుంబానికి తప్ప.

మొదటి కాగితం

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఆ ఎఫ్ఐఆర్ కాపీ, ఒక పాస్‌పోర్ట్ ఫోటో, ఒక ప్లాస్టిక్ కవర్. ఎఫ్ఐఆర్‌లో సెక్షన్ రాసే గడిలో "మ్యాన్ మిస్సింగ్" అని ఉంది. అది శిక్షాస్మృతిలో ఏ నేరానికీ పేరు కాదు. ఆ శీర్షిక కింద కేసు కట్టారంటే మనిషి కనబడలేదని నమోదు చేసుకున్నారు గానీ, నేరం జరిగిందని మాత్రం ఎవరూ అనుకోవడం లేదని అర్థం.

కిందికి వస్తే ఫిర్యాదు. ఆమె తెలుగు చదవగలదు, నిదానంగా. స్టేషన్‌లో రైటర్ రాసిన దాని మీద సంతకం పెట్టింది. అందులో ఒక వాక్యం ఇట్లా ఉంది: "అప్పుల విషయమై ఇంటిలో చిన్న గొడవ జరుగగా, నా భర్త మనస్తాపము చెంది ఇల్లు విడిచి వెళ్లిపోయినాడు." ఆ వాక్యం ఆమెకు చదివి వినిపించాను. "అప్పులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయి అన్నాను సార్. గొడవ పడినారా అంటే సంసారం అన్నాక పడమా అన్నాను. ఆ రోజు పడలేదు. డబ్బులు తీసుకోను పోయినాడని చెప్పినా, అది రాయలేదు."

నా దృష్టిలో కేసు సగం అక్కడే పోయింది. ఎందుకు వెళ్లాడు అన్నది దర్యాప్తు తేల్చాల్సిన విషయం. దానికి జవాబు ఫిర్యాదులోనే రాసేశారు. ఆ తర్వాత ఎస్‌ఐ మారినా, సీఐ మారినా, ఫైలు తెరిచిన ప్రతి అధికారికీ మొదట కనిపించేది మనస్తాపం చెంది ఇల్లు విడిచిన మనిషే. అట్లాంటి మనిషి కోసం బైక్ మీద వేలిముద్రలు ఎవరు తీస్తారు?

18 ఏళ్లలోపు పిల్లలైతే పరిస్థితి వేరు. బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు 2013 మేలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, పిల్లలు కనిపించలేదంటే కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందన్న అనుమానంతోనే ఎఫ్ఐఆర్ కట్టాలి. పెద్దవాళ్లకు అలాంటి రక్షణ లేదు. లలితా కుమారి కేసులో 2013 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఉంది. చెప్పిన సమాచారంలో పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం కనబడితే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అంది. కానీ ఆ నేరం కనబడాలంటే అది కాగితంలో ఉండాలి కదా. డబ్బులిస్తామని పిలిచారు, ఆ డబ్బుల కోసమే వెళ్లాడు, వెళ్లిన దారిలో ఫోన్ ఆగిపోయింది అన్న మూడు మాటలు ఆ రోజు రాసి ఉంటే నిర్బంధం కోసం ఎత్తుకెళ్లడం, అంటే పాత ఐపీసీ 365 దాకా అడగడానికి ఆధారం ఉండేది.

బండి

పన్నెండో రోజున బైక్ దొరికింది. కనిపెట్టింది పోలీసులు కాదు, ఆమె తమ్ముడు. తిరుపతి బస్టాండ్ చుట్టుపక్కల ఉన్న బైక్ స్టాండ్‌లన్నీ ఒక్కొక్కటిగా తిరుగుతూ నాలుగో స్టాండ్‌లో బావ బండి గుర్తుపట్టాడు. సీటు మీద దుమ్ము, హ్యాండిల్‌కు కట్టిన టోకెన్ ముక్క. స్టాండ్‌లో పనిచేసే మనిషిని బతిమాలి రిజిస్టర్ తెరిపించాడు. నీలం ఇంకుతో రాసిన వరుసల్లో వాళ్ల బండి నంబర్, పక్కన టోకెన్ నంబర్, లోపలికి వచ్చిన టైం: బుధవారం ఉదయం 5.40.

ఆ టైం దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆయన ఇంటి నుంచి బయల్దేరింది మంగళవారం మధ్యాహ్నం 2కి. అక్కడి నుంచి తిరుపతి ఎంత మెల్లగా పోయినా రెండు గంటలు. మరి ఆ 15 గంటలకు పైగా సమయంలో బండి ఎక్కడెక్కడ ఉంది? ఎవరి చేతిలో ఉంది? బండి తెచ్చింది ఎవరో గుర్తుందా అని తమ్ముడు అడిగితే "సన్నగా ఉండే పిల్లోడు, టోపీ పెట్టుకున్నాడు" అన్నాడట స్టాండ్ మనిషి. మా మనిషి లావుగా ఉంటాడు, వయసు 46.

తమ్ముడు తెలివిగా ఆ రిజిస్టర్ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. వెంటనే స్టేషన్‌కు ఫోన్ చేశాడు. "బండి తీసుకుని స్టేషన్‌కు రా" అన్నారు. స్టాండ్ వాళ్లకు రోజుల లెక్కన డబ్బు కట్టి, డూప్లికేట్ తాళంతో బండి తీసి, తనే నడుపుకుంటూ చంద్రగిరి మీదుగా స్టేషన్‌కు తెచ్చాడు. హ్యాండిల్ మీద, క్లచ్ మీద, పెట్రోల్ ట్యాంక్ మీద ఎవరి వేలిముద్రలున్నా ఆ ప్రయాణంతో పోయాయి. తమ్ముడి తప్పు ఇందులో ఏమీ లేదు. రమ్మన్నారు, వచ్చాడు. పంచనామా లేదు. స్టాండ్ రిజిస్టర్ స్వాధీనం చేసుకోలేదు. స్టాండ్ మనిషి స్టేట్‌మెంట్ రాయలేదు. రెండు నెలలు స్టేషన్ ఆవరణలో వానకు తడిసిన బండిని సంతకం తీసుకుని తిరిగిచ్చేశారు. పైగా బండి బస్టాండ్ దగ్గర దొరికింది కాబట్టి "బస్సెక్కి ఎక్కడికో పోయినాడు" అన్న మాట ఇంకా గట్టిపడింది.

నేను ఆ స్టాండ్‌కు వెళ్లింది 2019 నవంబర్‌లో. కాంట్రాక్ట్ మారిపోయింది. పాత రిజిస్టర్లు కట్టలుగా కట్టి పాత పేపర్లవాడికి వేసేశామన్నారు. తమ్ముడి ఫోన్ ఆ ఏడాది ముందే పగిలిపోయింది, ఫోటో అక్కకు వాట్సాప్‌లో పంపింది మాత్రమే మిగిలింది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో అసలు తీసిన టైం ఉండదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 65బి సర్టిఫికెట్ (ఏ పరికరం నుంచి ఎట్లా తీశారో ధృవీకరించే కాగితం) తప్పనిసరని సుప్రీంకోర్టు 2020 జూలైలో మరోసారి ఖాయం చేసింది. పగిలిన ఫోన్‌ను చెత్తలో వేయలేదు కాబట్టి ఇప్పటికీ ఒక కవర్‌లో పెట్టి ఉంచాం.

మేం అడిగినవి

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. నేను మొదట సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. చేయాల్సింది అది కాదు. ఉన్న ఆధారాలు చెరిగిపోకుండా కాపాడమని రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి లేఖ రాయాల్సింది, ఆ తర్వాత మిగతావి. దరఖాస్తుకు, అప్పీలుకు నెలలు పోయాయి. "దర్యాప్తులో ఉంది, 8(1)(హెచ్) ప్రకారం ఇవ్వలేం" అని మొదటి జవాబు. దర్యాప్తు పెండింగ్‌లో ఉందన్నది ఒక్కటే కారణం కాదు, సమాచారం ఇస్తే అది ఎట్లా దెబ్బతింటుందో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ కేసులో 2007లోనే చెప్పింది. అది చూపించి అప్పీలు చేస్తే ఒకటిన్నర పేజీ జవాబు వచ్చింది. అందులో ఉన్నది: ఫోటో చుట్టుపక్కల స్టేషన్లకు పంపాం, పత్రికా ప్రకటన ఇచ్చాం, బంధువులను విచారించాం.

ఆ జవాబు చూశాక ప్రశ్నల తీరు మార్చాం. ఎందుకు దర్యాప్తు చేయలేదని అడగడం మానేశాం. ప్రతి ప్రశ్నలోనూ తేదీ అడిగాం. కాల్ డేటా కోసం కంపెనీకి ఏ తేదీన రాశారు, ఏ తేదీన వచ్చింది? అందులో చివరి కాల్ చేసిన నంబర్ ఎవరిదో ఏ తేదీన కనుక్కున్నారు, ఆ మనిషిని ఏ తేదీన పిలిచారు? పూతలపట్టు నుంచి తిరుపతి దాకా దారిలో టోల్ గేట్, పెట్రోల్ బంకులు ఉన్నాయి, ఏ బంకు సీసీ కెమెరా రికార్డింగ్ ఏ తేదీన అడిగారు? ఆయన ఫోన్ ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) మీద నిఘా ఏ తేదీన పెట్టించారు? డబ్బులు ఇవ్వాల్సిన వ్యక్తిని ఎన్నిసార్లు, ఏయే తేదీల్లో విచారించారు? జూలైలో గుర్తుతెలియని శవాల ఇన్‌క్వెస్ట్ (శవ పంచనామా) ఫోటోలు ఏ స్టేషన్ల నుంచి తెప్పించి, ఏ తేదీన భార్యకు చూపించారు?

ఐఎంఈఐ ప్రశ్న రాస్తున్నప్పుడు నంబర్ దొరుకుతుందా అని ఆమెను అడిగాను. మరుసటి రోజు ప్లాస్టిక్ కవర్‌లో నుంచి ఫోన్ కొన్నప్పటి అట్టపెట్టె తీసి టేబుల్ మీద పెట్టింది. పక్కన అతికించిన స్టిక్కర్ మీద రెండు నంబర్లూ స్పష్టంగా ఉన్నాయి. "ఇది బీరువాలోనే ఉండింది సార్, ఎవురూ అడగలేదు" అంది. ఏడాదికి పైగా. ఆ స్టేషన్‌లో ఒక్కరు ఒక్కసారి "ఫోన్ డబ్బా ఉందామ్మా" అని అడిగి ఉంటే సరిపోయేది. మేం ఇచ్చాక నిఘా పెట్టారు. ఆ ఫోన్ మళ్లీ ఏ నెట్‌వర్క్‌లోనూ కనిపించలేదు.

కోర్టు దారి గురించి కొంచెం చెప్పాలి. చాలామంది హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) వేద్దామంటారు. ఎవరో ఒకరు అక్రమంగా నిర్బంధించారని చూపించడానికి కనీస ఆధారం లేకపోతే అది నిలబడదు. పోలీసులు స్టేటస్ రిపోర్ట్ వేస్తారు, పిటిషన్ మూసేస్తారు, కుటుంబం కోర్టు కూడా కాదందని నీరసపడుతుంది. అందుకే మేం మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాం. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రక్రియా చట్టం) 156(3) కింద ఎఫ్ఐఆర్ కట్టమని ఆదేశించడమే కాదు, దర్యాప్తు సరిగ్గా జరుగుతోందో లేదో చూసే అధికారం కూడా మేజిస్ట్రేట్‌కు ఉందని సాకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు అదే అధికారం కొత్త సంహితలో 175(3) కింద ఉంది. ముందు స్టేషన్‌కు, తర్వాత ఎస్పీకి రాసిన కాపీలు, అఫిడవిట్ జతచేయాలి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ రసీదు కూడా పనికొస్తుంది, పారేయొద్దు.

2020 జనవరిలో పిటిషన్ వేశాం. మూడు లైన్ల స్టేటస్ రిపోర్ట్ వచ్చింది. మార్చిలో లాక్‌డౌన్. ఆ తర్వాత ఏడాది గురించి రాయడానికి ఏమీ లేదు, వాయిదాలే. 2021లో హైకోర్టులో రిట్ వేసి, సరైన దర్యాప్తు కోసం ఆదేశాలు అడిగాం. అక్కడ మా తేదీల ప్రశ్నలు పనికొచ్చాయి. పోలీసులు కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేయాల్సి వచ్చింది, కౌంటర్‌తోపాటు కాల్ డేటా బయటికి వచ్చింది.

దాన్ని 20వ రోజునే తెప్పించి ఫైలులో పెట్టారు. చివరి కాల్ మంగళవారం సాయంత్రం 5.48కి వచ్చింది, మూడు నిమిషాలు మాట్లాడారు, టవర్ చంద్రగిరి వైపుది. ఆ తర్వాత ఒక్క కాల్ లేదు, ఒక్క మెసేజ్ లేదు. అంటే ఫోన్ ఆగింది మంగళవారం సాయంత్రం, బండి స్టాండ్‌కు చేరింది బుధవారం తెల్లవారుజామున. ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మూడేళ్లలో ఎవరూ లేరు. ఒకటి ఫైలులో ఉంది, ఇంకోటి ఒక పల్లెటూరి ఆవిడ ఫోన్‌లో ఉంది.

ఆ 5.48 నంబర్ ఎవరిదని 2021లో అడిగితే, సిమ్ తమిళనాడు చిరునామాతో ఉంది. ఆ మనిషి సిమ్ ఎప్పుడో పోగొట్టుకున్నానన్నాడు. ఆ నంబర్ కాల్ డేటా కావాలంటే కంపెనీ దగ్గర లేదు. అప్పటి నిబంధన ప్రకారం కాల్ రికార్డులు కనీసం ఏడాది ఉంచితే చాలు. 2021 డిసెంబర్‌లో కేంద్ర టెలికాం శాఖ దాన్ని రెండేళ్లు చేసింది. మిస్సింగ్ కేసు పట్టుకుని తిరిగే ప్రతి కుటుంబం ఈ గడువు గుర్తుపెట్టుకోవాలి. సీసీ కెమెరాల సంగతి ఇంకా దారుణం, చాలా చోట్ల 15 నుంచి 30 రోజుల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది. తొమ్మిదో రోజున ఎఫ్ఐఆర్ అయినా ఇంకా టైం ఉండింది.

డబ్బులు ఇవ్వాల్సిన వ్యక్తి తన దగ్గరికి ఎవరూ రాలేదని 2018లో ఒక పేరా స్టేట్‌మెంట్ ఇచ్చాడు. ఆయన్ని నేను దోషి అనడం లేదు. అట్లా అనే ఆధారం నా దగ్గర లేదు. ఆ మంగళవారం ఆయన ఎక్కడున్నాడో అప్పుడే అడిగి, సరిచూసి ఉంటే ఆయన మీద ఊళ్లో పడిన మచ్చ కూడా పోయేది. దర్యాప్తు జరగకపోతే నష్టపోయేది ఒక్క పక్షం కాదు.

హైకోర్టు ఆదేశంతో డీఎస్పీ స్థాయి అధికారి పర్యవేక్షణలో దర్యాప్తు మళ్లీ మొదలైంది. న్యాయంగా చెప్పాలంటే, అప్పుడు వచ్చిన ఎస్‌ఐ మనసు పెట్టి పనిచేశాడు. సెక్షన్ మార్పు మెమో వేసి 365 చేర్చాడు. స్టాండ్ మనిషిని బెంగళూరులో వెతికి పట్టుకున్నాడు. మూడేళ్ల కిందటి టోపీ కుర్రవాడిని ఆయన ఏం గుర్తుపెట్టుకుంటాడు? మాది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఇటు వేలూరు, కాట్పాడి, అటు కోలారు, ముళబాగిలు. శవం గంటన్నరలో రాష్ట్రం దాటిపోతుంది, ఫైలు మాత్రం జిల్లా దాటదు. ఆ ఎస్‌ఐ మూడు వైపులా తిరిగి 2018 జూలై, ఆగస్టు ఇన్‌క్వెస్ట్ ఫోటోలు తెచ్చాడు. తిరుపతిలో, రేణిగుంటలో రైలు పట్టాల మీద దొరికినవి కూడా.

ఆమె ఆ ఫోటోలు చూసిన రోజు నేను పక్కనే ఉన్నాను. ముఖాలు చూడలేదు. ప్రతి ఫోటోలో ఎడమ చెయ్యి చూసింది. ఆయనకు చిన్నప్పుడు చెరుకు గానుగలో పడి ఎడమ చిటికెన వేలు వంకరగా అతుక్కుంది. ఆ గుర్తు కూడా ఎఫ్ఐఆర్‌లో లేదు, "చామనఛాయ, లావు" అని మాత్రమే ఉంది. ఒక ఫోటోలో చెయ్యి బట్ట కింద ఉంది. ఆ శవం తమిళనాడు వైపు దొరికింది, ఎవరూ రాలేదని పూడ్చేశారు. కొడుకు రక్త నమూనా ఇచ్చాం గానీ, పోల్చడానికి అక్కడ ఎముక గానీ పన్ను గానీ తీసి ఉంచలేదు. పూడ్చిన చోటు కూడా ఇదీ అని ఎవరూ చూపించలేకపోయారు. ఆయనా కాదా అన్నది ఎప్పటికీ తేలదు.

2023లో ఆచూకీ దొరకలేదంటూ ఫైనల్ రిపోర్ట్ వేసి కేసు మూసేయబోయారు. అట్లా మూసే ముందు ఫిర్యాదుదారు మాట కోర్టు వినాలని 1985లో భగవంత్ సింగ్ తీర్పు ఉంది. నోటీసు వచ్చిన వారంలోనే ప్రొటెస్ట్ పిటిషన్ (కేసు మూయొద్దని అభ్యంతరం) వేశాం. మళ్లీ దర్యాప్తు చేయమని మేజిస్ట్రేట్ ఆదేశించారు. ఇప్పుడు కొత్త కేసులకైతే 90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పాలని కొత్త సంహిత 193వ సెక్షన్‌లో ఉంది. 91వ రోజున రాతపూర్వకంగా అడగండి.

2025 జూలైతో ఏడేళ్లు నిండాయి. ఏడేళ్లు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని చట్టం. సాక్ష్య చట్టంలో 108గా ఉండింది, సాక్ష్య అధినియంలో 111 అయింది. పాస్‌బుక్ మార్పు, పంట రుణం, పింఛను అన్నీ దాని మీద ఆగి ఉన్నాయి. అయితే ఏ తేదీన చనిపోయాడన్నది ఆ సెక్షన్ చెప్పదు. ఎల్ఐసీ వర్సెస్ అనురాధ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది, ప్రీమియం ఆగిపోయి పాలసీ ల్యాప్స్ అయితే కుటుంబానికి పాలసీ మొత్తం రాదు, అప్పటిదాకా కట్టినదాన్ని బట్టి పెయిడప్ విలువ మాత్రమే వస్తుంది. అందుకే 2019లోనే ఆమెకు ప్రీమియం ఆపొద్దని చెప్పాను. పాలమ్మి కట్టుకుంటూ వచ్చింది.

సివిల్ కోర్టులో వేయాల్సిన దావా కాగితాలు తయారుగా ఉన్నాయి. ప్రార్థన పేరాలో "మరణించినట్లు ప్రకటించవలసిందిగా" అనే దగ్గర ఆమె చదవడం ఆపింది. "ఇంకో మాట ఏదన్నా రాయలేమా అన్నా?" అని అడిగింది. ఇన్నేళ్లలో నన్ను అన్నా అని పిలవడం అదే మొదటిసారి. చట్టంలో ఇంకో మాట లేదు. సంతకం ఇంకా పెట్టలేదు, నేను తొందరపెట్టలేదు.

క్రిమినల్ కేసులో వచ్చే వాయిదాకు మేం అడిగింది ఒకటే కాగితం: 2018 జూలైలో ఆ గురువారం నాటి స్టేషన్ జనరల్ డైరీ (స్టేషన్‌లో ఏ రోజు ఏం జరిగిందో రాసే పుస్తకం). ఆమె తమ్ముడితో కలిసి మొదటిసారి స్టేషన్‌కు వెళ్లి, డబ్బులు తీసుకోవడానికి పోయిన మనిషి తిరిగి రాలేదని చెప్పిన రోజు అది. ఆ రోజు పేజీలో ఆమె వచ్చినట్టు ఏమైనా రాశారా, లేదా? రెండుసార్లు అడిగాం. ఇంకా ఇవ్వలేదు.